కార్డు మీద రాయడానికి ఏమీ తట్టనప్పుడు

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆవిడ ఉద్యోగస్తురాలు, వయసు యాభై దాటింది. రాత్రి పనులన్నీ అయ్యాక రాసుకుంటారు. ఇదివరకు కొన్ని కథలు అచ్చయ్యాయి, నవల రాయడం ఇదే మొదలు. ఇరవై ఏళ్ళుగా మాటల్లేని అక్కచెల్లెళ్ళిద్దరు తల్లి జబ్బు మూలంగా ఒకే ఇంట్లో ఉండాల్సి వస్తుంది, అదీ కథ. పదిహేడు అధ్యాయాలు వర్డ్‌లో రాశారు, ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు. కొన్నిటికి 'కొత్తది', 'అసలుది', 'ఇదే ఫైనల్' అని మూడేసి రూపాలున్నాయి. ఈ గందరగోళం చూసిన కొడుకు పుట్టినరోజుకి, నవలల్లాంటి పెద్ద రచనలు రాసుకోవడానికి పనికొచ్చే స్క్రివెనర్ అనే సాఫ్ట్‌వేర్ కొనిచ్చాడు. తనే ఇన్‌స్టాల్ చేసి, అందులో నవల కోసం ముందే సిద్ధంగా ఉండే నమూనా (టెంప్లేట్) తెరిచి, ఫైళ్ళన్నీ అందులోకి తెచ్చి, రోజుకి 1000 మాటలు రాయాలని లక్ష్యం కూడా పెట్టి వెళ్ళాడు. ఫోన్ చేసినప్పుడల్లా "ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడుగుతాడు. సందేహం అడిగితే "అది చాలా సింపులమ్మా" అంటాడు.

ఆ తర్వాత ఆవిడ ఒక్క కొత్త అధ్యాయమూ రాయలేదు. నేర్పించే వీడియోలు చూశారు, లేబుళ్ళకి రంగులు మార్చారు, పాత్రల వివరాల పత్రాలు నింపారు. "పక్కింటావిడ నవలలో ఒక్కసారే వస్తుంది, ఆవిడ కళ్ళ రంగు కూడా రాశాను" అన్నారు. అధ్యాయాలని కార్డులుగా పరిచి చూపించే కార్క్‌బోర్డులో ఒక్కో అధ్యాయానికి ఒక కార్డు మీద సారాంశం రాయమని ఏదో వీడియోలో చెబితే కూర్చున్నారు. పదకొండో అధ్యాయం వరకు చకచకా రాసేశారు. పన్నెండు నుంచి ఎంత ఆలోచించినా "అక్క బాధపడుతుంది", "చెల్లెలు పాత సంగతులు తలుచుకుంటుంది", "ఇద్దరూ మాట్లాడుకుంటారు" అనే తప్ప ఇంకోటి రాలేదు. కార్డులు వాడడం తనకి రావట్లేదని ఆ పని వదిలేశారు. పోయిన వారం ఇంకో దెబ్బ తగిలింది. క్లౌడ్ ఫోల్డరులో ఉన్న నవలని ఇంట్లో ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉంచి, ఆఫీసు కంప్యూటర్‌లో కూడా తెరిచారు. పదిహేనో అధ్యాయంలో కష్టపడి దిద్దుకున్న రెండు సన్నివేశాలు ఇప్పుడు కనిపించడం లేదు. కొడుక్కి ఇంకా చెప్పలేదు. "నా వల్ల కాదని ఒప్పుకుని వర్డ్‌కి వెళ్ళిపోనా? వాడు ముచ్చటపడి కొన్నది పక్కన పడేస్తే బాధపడడా? అసలు ఈ వయసులో నాకివన్నీ వస్తాయా?" అని అడిగారు.

*

పోయిన సన్నివేశాల సంగతి ముందు చూద్దామండీ. ఇందులో ఆలస్యం చేస్తే నష్టం పెరుగుతుంది.

స్క్రివెనర్ మూసిన ప్రతిసారీ మొత్తం నవలకి ఒక నకలు తీసి బ్యాకప్ ఫోల్డరులో పెడుతుంది. మీ అబ్బాయి సెట్టింగుల్లో అది ఆపేసి ఉంటే తప్ప, మీ నకళ్ళూ అక్కడే ఉండాలి. సెట్టింగుల్లో బ్యాకప్ అన్న చోటికి వెళ్తే ఆ ఫోల్డరుని తెరిచే బటన్ కనిపిస్తుంది. అయితే అది మామూలుగా కొన్ని నకళ్ళే ఉంచుకుంటుంది. కొత్తది చేరినప్పుడు అన్నిటికన్నా పాతది పోతుంది. పోయిన పేజీల కోసం నవలని పదేపదే తెరిచి మూస్తూ పోతే, మీకు కావలసిన నకలే బయటికి జరిగిపోవచ్చు. అందుకని వెతకడం ఆపి, ముందు ఆ ఫోల్డరుని ఉన్నదున్నట్టుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఈ పని రెండు కంప్యూటర్లలోనూ చేయాలి. ఎందుకంటే, ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప, ఏ కంప్యూటర్ బ్యాకప్ ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. మీరు దిద్దిన రూపం ఒకదాంట్లో లేకపోయినా రెండోదాంట్లో దొరకొచ్చు. తర్వాత తేదీ చూసి సరైన నకలుని వేరే చోట విప్పి, తెరిచి, పదిహేనో అధ్యాయం మాత్రం కాపీ చేసి ఇప్పటి నవలలో అతికించుకోండి. క్లౌడ్ ఫోల్డరులో పేరు చివర 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' (రెండు రూపాలు ఢీకొన్నప్పుడు క్లౌడ్ విడిగా ఉంచే నకలు) అని ఉన్న ఫైళ్ళు కనిపిస్తే వాటినీ దాచండి, దేన్నీ తుడిచేయకండి.

ఇలా ఎందుకైందో తెలిస్తే మళ్ళీ జరగదు. స్క్రివెనర్ నవల ఒకే ఫైలు అనిపించినా నిజానికి అదొక ఫోల్డరు. అందులో ఒక్కో అధ్యాయం ఒక్కో చిన్న ఫైలు, ఏది ముందు ఏది వెనక అని చెప్పే ఫైలు ఇంకొకటి. క్లౌడ్ వీటన్నిటినీ విడివిడిగా పంపిస్తుంది. రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరిచి ఉంటే, ఒకదాని మార్పుల మీద ఇంకోదాని పాత రూపం వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఒకచోట మూశాక, క్లౌడ్ పని పూర్తయిందని చూసుకున్నాకే రెండోచోట తెరవాలి. మీరైతే రాత్రిపూట ఇంట్లోనే రాస్తారు. అలాంటప్పుడు నవలని ఒక్క ల్యాప్‌టాప్‌కే పరిమితం చేసి, జిప్ చేసిన బ్యాకప్‌లని మాత్రం క్లౌడ్‌లో పెట్టుకుంటే ఈ జాగ్రత్తల్లో చాలావరకు అక్కరలేదు. ఆఫీసు కంప్యూటర్‌లో సొంత నవల ఉండడం ఇంకో రకంగానూ అంత క్షేమం కాదు లెండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం మీరు యథాలాపంగా రాసి దాటేశారు: "చెప్పాలంటే వాడు కొనివ్వకముందే రెండు నెలలుగా పదిహేడు దగ్గర ఆగిపోయి ఉన్నాను." ఇంత పెద్ద ఉత్తరంలో నన్ను ఆపింది ఈ మాటే. నవల ఆగింది ముందు, సాఫ్ట్‌వేర్ వచ్చింది తర్వాత. రెండూ దగ్గర దగ్గరగా జరగడం వల్ల, నవల కదలకపోవడానికి కారణం సాఫ్ట్‌వేర్ వాడడం మీకు చేతకాకపోవడమే అని మీకు అనిపిస్తోంది. మీ అబ్బాయి కూడా ఇంకో రకంగా పొరబడి ఉంటాడు. అమ్మ ఎందుకు ఆగిందో తెలియదు, చిందరవందరగా ఉన్న ఫైళ్ళు మాత్రం కళ్ళెదురుగా ఉన్నాయి. కనిపించిన దానికి మందు తెచ్చాడు.

ఇప్పుడు ఆ కార్డుల దగ్గరికి వెళ్దాం. కార్డులు వాడడం రాకపోతే మొదటి కార్డు దగ్గరే ఆగిపోయేవారు. పదకొండు చక్కగా రాసి పన్నెండో దాని దగ్గర ఆగారు. మీరు పంపిన వాటిలో మూడో కార్డు, "తల్లికి మందులు ఎవరివ్వాలన్న గొడవలో చెల్లెలు తాళంచెవి తన దగ్గర పెట్టుకుంటుంది." ఎనిమిదోది, "తల్లి పొరపాటున అక్కని చెల్లెలి పేరుతో పిలుస్తుంది, అక్క సరిచేయదు." ఈ రెండు చదివితే నాకు ఆ అధ్యాయాలు చదవాలనిపించింది. ఒక్కోదాంట్లో ఏదో ఒకటి మారుతోంది: తాళంచెవి చేతులు మారింది, ఒక అబద్ధం మొదలైంది. పన్నెండు నుంచి పదిహేడు దాకా ఉన్న కార్డుల మీద జరిగేవి లేవు, అనిపించేవే ఉన్నాయి. ఇది సాఫ్ట్‌వేర్ తెలియకపోవడం కాదండీ. సాఫ్ట్‌వేర్ చేయగలిగిన అతి విలువైన పని మీ విషయంలో చేసేసింది, నవల ఎక్కడ నీరసపడిందో ఆ చోటు చూపించింది. వర్డ్‌లో ఒక్కో ఫైలూ విడిగా తెరిచి చదువుకుంటున్నంత కాలం ఇది కనిపించదు, ఎందుకంటే వాక్యాలు బాగుంటాయి. మీ వాక్యాలు బాగుంటాయని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

నా మాట నమ్మకుండా మీరే పరీక్షించుకోవచ్చు. కార్క్‌బోర్డులో కార్డుని లాగి వేరేచోట పెడితే నవలలో ఆ అధ్యాయం కూడా అక్కడికే జరుగుతుంది. భయం లేకుండా చేయడానికి ముందు ఫైల్ మెనూలోంచి ఒక బ్యాకప్ తీసుకోండి. ఆ తర్వాత పదమూడుని పదహారు స్థానంలోకి, పదహారుని పదమూడు స్థానంలోకి మార్చండి. పన్నెండు నుంచి పదిహేడు దాకా అన్నీ ఎంచుకుని స్క్రివెనింగ్స్ అనే రూపంలో పెట్టండి, అధ్యాయాలన్నీ ఒకదాని కింద ఒకటి ఒకే పొడవాటి పేజీలా కనిపిస్తాయి. ఏమీ దిద్దకుండా ఒక్క బిగిన చదవండి. క్రమం తప్పిందని చదువుతుంటే తెలియకపోతే, ఆ ఆరు అధ్యాయాలూ నిజానికి ఒకటే అధ్యాయమని అర్థం. కాదు, ఎక్కడో కాలు తడబడింది అనిపిస్తే ఆ తడబడిన చోటే కథ ఉంది. దాన్ని పట్టుకోండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రతి కార్డు మీదా ఒక సంఘటన ఉండి తీరాలన్నది నియమం కాదు. లోపల జరిగేదే కథగా సాగిన మంచి నవలలు ఎన్నో ఉన్నాయి. మీ మొదటి పదకొండు అధ్యాయాలు అలాంటి నవలవి కావు కనుక చెబుతున్నాను. అంతవరకు పనుల ద్వారా మాట్లాడిన మనుషులు పన్నెండులో ఒక్కసారిగా కుర్చీల్లో కూర్చుని మనసు విప్పడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళ మౌనం అంత తేలిగ్గా వదిలిందా? ఇది మీరే తేల్చుకోవాలి.

సరే, సాఫ్ట్‌వేర్ ఉంచుకోవాలా వదలాలా? నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మూడింటిలోనూ కొంత పోగొట్టుకుంటారు.

వర్డ్‌కి తిరిగి వెళ్ళొచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాకపోతే పాత పద్ధతిలో మాత్రం వెళ్ళకండి. అధ్యాయాలన్నీ ఒకే ఫైలులో పెట్టి, ప్రతి అధ్యాయం పేరుకీ హెడింగ్ స్టైల్ ఇస్తే, ఎడమవైపు నావిగేషన్ పట్టీలో అధ్యాయాల జాబితా వస్తుంది. అక్కడ పేరు పట్టుకుని లాగితే అధ్యాయం మొత్తం జరుగుతుంది. వర్డ్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ రైటర్‌లో కూడా నావిగేటర్ ఇదే పని చేస్తుంది, అది ఉచితం. స్క్రివెనర్‌లో మీకు అవసరమైన దాంట్లో సగం పైనే ఇక్కడ దొరుకుతుంది, చేయి తిరిగిన చోటే ఉంటారు. పోయేదేమిటంటే, సారాంశాలన్నీ పక్కపక్కన పరిచి చూసే బల్ల. నవల ఆగింది మధ్యలో కనుక, ఆ బల్ల అవసరం ముందుముందు పడుతుంది. అప్పుడు నిజం కార్డులు కొనుక్కుని నేల మీద పరుచుకున్నా సరిపోతుంది.

రెండోది, స్క్రివెనర్‌ని ఉంచుకుని అందులో తొంభై శాతాన్ని చూడనట్టు నటించడం. ఇందులో మీకు కావలసినవి మూడే. ఎడమవైపు బైండర్, అంటే అధ్యాయాల వరుస. మధ్యలో రాసుకునే చోటు. మూడోది స్నాప్‌షాట్. ఒక అధ్యాయాన్ని దిద్దబోయే ముందు స్నాప్‌షాట్ తీస్తే అప్పటి రూపం అలాగే దాగి ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు. 'కొత్తది', 'అసలుది', 'ఇదే ఫైనల్' అనే మీ రోగానికి అసలు మందు ఇదొక్కటే, మీరు చూసిన వీడియోల జాబితాలో మాత్రం ఇది లేదు. పాత్రల వివరాలు అడిగే పత్రాలు నవల టెంప్లేట్‌తో పాటు వచ్చిన సరంజామా. ఖాళీ టెంప్లేట్‌తో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టి, పాతదాన్ని పక్కన తెరిచి అధ్యాయాలని అందులోంచి లాగి తెచ్చుకుంటే ఆ పత్రాలు కనిపించవు. నింపమని అడిగే గడి ఎదురుగా ఉంటే నింపకుండా ఉండడం కష్టం. పైగా రోజంతా ఉద్యోగం చేసి వచ్చిన మనిషికి, ఆగిపోయిన పదిహేడో అధ్యాయం కన్నా పక్కింటావిడ కళ్ళ రంగు రాయడం హాయిగా ఉంటుంది. ఈ దారిలో నష్టం ఏమిటంటే, మొదటి వారం పది రోజులు చేతికి కొత్తగా ఉండి, రాసేది తగ్గుతుంది. వీడియోల బదులు హెల్ప్ మెనూలో ఉన్న ట్యుటోరియల్ తెరవండి, అది కూడా ఒక స్క్రివెనర్ ప్రాజెక్టే. చదువుతూ అందులోనే ప్రయోగాలు చేయొచ్చు, పాడైనా పోయేది మీ నవల కాదు. మొదట్లో ఉన్న ముఖ్యమైన భాగాలు చదివి ఆపేయండి. పూర్తి మాన్యువల్ వందల పేజీలు, దాని జోలికి వెళ్ళకండి.

మూడోది, కొత్త అధ్యాయాలు కాగితం మీద రాసి, దిద్దడానికి మాత్రమే కంప్యూటర్ వాడడం. మీ కథలన్నీ అలాగే రాశానన్నారు కాబట్టి చెబుతున్నాను. పని రెండింతలవుతుంది, అందులో సందేహం లేదు. ఎక్కించేటప్పుడు సగం దిద్దుబాటు దానంతటదే జరిగిపోతుంది, అది లాభం. కాగితం మీద కలం ఆగినా ఎదురుగా నొక్కడానికి బటన్లు ఉండవు, మీ విషయంలో అది ఇంకా పెద్ద లాభం.

వైరైటర్, మనుస్క్రిప్ట్, నావెల్‌రైటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. వైరైటర్‌ని నవలలు రాసే ప్రోగ్రామర్ సైమన్ హేన్స్ తయారుచేశాడు, సన్నివేశాల లెక్కన పని చేస్తుంది, బాగుంటుంది కూడా. ఇప్పుడు మాత్రం వాటి వైపు చూడొద్దు. ఇంకో సాఫ్ట్‌వేర్ అంటే ఇంకో వరుస వీడియోలు.

నన్నడిగితే, ముందు ఆ కార్డుల పరీక్ష చేసి, ఆ తర్వాత ఒకటో దారో రెండో దారో ఎంచుకోమంటాను. మధ్యభాగాన్ని విరగ్గొట్టి మళ్ళీ కట్టాల్సి వస్తే స్క్రివెనర్ పనికొస్తుంది, అధ్యాయాలని చీల్చడం, కలపడం, జరపడం దాని బలం. ఆరు అధ్యాయాలు తీసేసి ముందుకెళ్ళడమే అనుకుంటే వర్డ్ చాలు.

ఆ 1000 మాటల లక్ష్యాన్ని మాత్రం ఏ దారి ఎంచుకున్నా ఈ రోజే తీసేయండి. ప్రాజెక్ట్ టార్గెట్స్ అన్న చోట సున్నా పెడితే పోతుంది. ఆ అంకె ఇంగ్లీషులో రాసేవాళ్ళ అలవాటులోంచి వచ్చింది. ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నదాన్ని సాఫ్ట్‌వేర్ ఒక మాటగా లెక్కపెడుతుంది. తెలుగులో విభక్తులూ సహాయక క్రియలూ మాటకే అతుక్కుపోతాయి కనుక, అంతే కథకి మన లెక్క తక్కువ వస్తుంది. మీరు నిండుగా ఒక సన్నివేశం రాసినా లక్ష్యం ఎంత పూర్తయిందో చూపించే పట్టీ ఇంకా ఎర్రగానే ఉండడానికి ఇదొక కారణం. రాసిన ప్రతి తెలుగు మాట కిందా ఎర్ర గీత వస్తోందన్నారు కదా, టైప్ చేస్తుండగా స్పెల్లింగ్ చూడడం అనేదాన్ని ఆపేస్తే అదీ పోతుంది.

మీ అబ్బాయి సంగతి. సాఫ్ట్‌వేర్ వదిలేస్తే బాధపడతాడేమో అని అడిగారు. నాకు ఇంకోటి తోస్తోంది. ఫోన్‌లో "ఎంతవరకు వచ్చింది" అని అడిగినప్పుడల్లా మీరు "నేర్చుకుంటున్నాను నాన్నా" అంటున్నారు. అది విని తన కానుక పనిచేస్తోందని అతను అనుకుంటున్నాడు. ఇది సాగేకొద్దీ నిజం చెప్పడం కష్టమవుతుంది. రెండు రకాలుగా చెప్పొచ్చు. మొత్తం చెప్పేస్తే, అంటే నవల నువ్వు కొనివ్వకముందే ఆగిపోయిందిరా అంటే, కాసేపు చిన్నబోతాడేమో గానీ అడగడం మానతాడు. లేదా ఏదైనా స్పష్టమైన పని అప్పగించండి: రెండు కంప్యూటర్లలో బ్యాకప్‌లు వెతకడం, నవలని ఖాళీ టెంప్లేట్‌లోకి మార్చడం. అతనికి చేతనైన పని అదే, ఇవ్వాలనుకున్న సాయమూ అదే. పోయిన సన్నివేశాల విషయం దాచి ఇవి చేయించడం కుదరదు కాబట్టి అదెలాగూ చెప్పాల్సి వస్తుంది. నేనైతే ఇలా పని అప్పగించే పద్ధతినే ఎంచుకుని, "నేను చెప్పేదాకా ఎంతవరకు వచ్చిందని అడగొద్దు" అన్న షరతు కూడా పెడతాను. మధ్యభాగంలో ఏం లోపించిందో మాత్రం అతనితో చర్చించకండి. అది ఒక మంచి పాఠకుడితో చేయాల్సిన సంభాషణ. కొడుకు మంచి పాఠకుడే కావచ్చు, కానీ తల్లి రాసిన తల్లీకూతుళ్ళ నవలని అతను తటస్థంగా చదవలేడు.

వయసు గురించి అడిగినదానికి పెద్ద జవాబు అక్కరలేదు. లేబుళ్ళకి రంగులు మార్చి, లక్ష్యం పట్టీ ఏ రంగులో ఉందో గమనించి, కార్క్‌బోర్డులో పదకొండు కార్డులు నింపిన మనిషికి సాఫ్ట్‌వేర్ రాదని ఎలా అనుకోమంటారు?

ఒక్క పని మాత్రం, రెండో దారి ఎంచుకుంటే, నవల పూర్తయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే చేసి చూడండి. రాసినదంతా ఒకటిగా కలిపి వర్డ్ ఫైలుగానో పీడీఎఫ్‌గానో బయటికి తెచ్చేదాన్ని కంపైల్ అంటారు. స్క్రివెనర్‌లో కొత్తవాళ్ళు ఎక్కువగా తిట్టుకునేది దాన్నే. మీరు తెర మీద చూసే ఫాంట్‌ని పక్కనపెట్టి అది తన సొంత ఫాంట్ వాడగలదు, తెలుగు అక్షరాలు లేని ఫాంట్ అయితే పేజీ అందం పాడవుతుంది. రెండు అధ్యాయాలు మాత్రం ఎంచుకుని, ఫాంట్ అన్నచోట ఒక తెలుగు యూనికోడ్ ఫాంట్ పెట్టి, వర్డ్ ఫైలుగా తీయండి. వత్తులూ గుణింతాలూ సరిగ్గా వచ్చాయా, అధ్యాయాల పేర్లు వాటి చోట ఉన్నాయా అని చూడండి. సరిగ్గా ఉంటే ఆ కిటికీ మూసేయండి, చివరి అధ్యాయం రాసేదాకా దానితో పనిలేదు.